మైత్రి-2లో శీతాకాలం మనుషులు దేనికి?

తార్నాక మాస్టారు:
2024 మే నెలలో కొచ్చిలో అంటార్కిటికా ఒప్పంద దేశాలు సమావేశమైనప్పుడు, అక్కడి మన పరిశోధన కేంద్రం మైత్రి స్థానంలో మైత్రి-2 కడతామని మన దేశం ప్రకటించింది. కట్టడం మీద నాకు పేచీ లేదు. 1989 నాటి కేంద్రానికి వయసైపోయింది. కానీ మార్చి నుంచి అక్టోబరు దాకా అక్కడికి ఓడ రాదు, విమానం రాదు. అంతకాలం రెండు డజన్ల మందిని చీకట్లో, చలిలో ఉంచడం అవసరమా? వాళ్ల వెచ్చదనానికి డీజిలు కాల్చాలి, తిండి మోయాలి, చెత్త వెనక్కి తేవాలి. బెల్జియం వాళ్ల ప్రిన్సెస్ ఎలిజబెత్ కేంద్రంలో మనుషులు ఉండేది వేసవిలోనే. బ్రిటన్ వాళ్లయితే తమ హేలీ కేంద్రం కింది మంచుపలక పగుళ్లిచ్చిందని 2017 నుంచి శీతాకాలం ఖాళీ చేస్తున్నారు. కరెంటు కోసం ఒక చిన్న టర్బైను తిరుగుతుంటుంది, పరికరాలు వాటి పని అవి చేసుకుంటాయి. మనకేం అడ్డం?

ఉప్పల్ ఉపగ్రహం:
మాస్టారూ, హేలీ పేరు మీరే ఎత్తారు. ఓజోన్ పొర చిల్లు సంగతి 1985లో బయటపడింది అక్కడి కొలతల వల్లే. 1950ల చివరి నుంచి ఏటా మనుషులు పట్టిన లెక్కలవి. ఆ చిల్లు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది. అప్పటికి ఓడ రాదు. అక్టోబరులో మనిషి అక్కడుండాలంటే మార్చిలోనే ఉండిపోవాలి కదా!

తార్నాక మాస్టారు:
అప్పుడు మరో దారి లేదు. ఇప్పుడు ఆ ఓజోన్ కొలత కూడా యంత్రమే చేస్తోంది.

షాద్‌నగర్ పాతకాపు:
అంటార్కిటికాలోనే మన రెండో కేంద్రం భారతిలో ఒక శీతాకాలం గడిపాను, యాంటెన్నా పని మీద. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం రోజుకు సుమారు 14 సార్లు భూమిని చుడుతుంది. ఉపగ్రహ సమాచారం దించుకునే మన షాద్‌నగర్ కేంద్రానికి అందులో కొన్ని చుట్లే అందుతాయి, ధ్రువానికి దగ్గరున్న భారతికి చాలావరకు అందుతాయి. అక్కడ దించుకున్న సమాచారం ఇక్కడికి చేరుతుంది. యాంటెన్నా దానంతటదే తిరుగుతుంది, ఒప్పుకుంటాను. తిరగనప్పుడే అసలు కథ. ఒక జూన్‌లో మంచుతుఫాను తగ్గాక చూస్తే, పిండికన్నా మెత్తని మంచు తలుపు సందులోంచి దూరి లోపల గట్టిగా పేరుకుపోయింది. బోల్టు తిప్పాలంటే లావుపాటి చేతితొడుగు తీసేయాలి, తీస్తే కాసేపటికే వేళ్లు మాట వినవు. ఒకరు తిప్పుతుంటే రెండోవాళ్లు చేతులు చంకల్లో దాచుకుని వంతు కోసం నిలబడాలి. పావుగంట పనికి పూటంతా పట్టింది. ఏ టర్బైను చేస్తుందండీ ఈ పని? (వంటింట్లోనూ వంతులే. డాక్టరుగారు కూడా గిన్నెలు తోమాల్సిందే.)

సైదాబాద్ సందేహం:
ఇదంతా జెండా వ్యవహారం కాదా? అర్జెంటీనా ఏడు నెలల గర్భిణిని అంటార్కిటికాలోని తన ఎస్పెరాంజా కేంద్రానికి పంపింది, 1978 జనవరిలో అక్కడ ఎమిలియో పాల్మా పుట్టాడు. నేల మాదే అనడానికి బిడ్డను సాక్ష్యం పెట్టడమన్నమాట! అంటార్కిటికా ఒప్పందంలోని నాలుగో అధికరణం ప్రకారం అలాంటివేవీ హక్కుకు ఆధారం కావు. మనకు ఓటున్న సభ్యత్వం 1983 సెప్టెంబరులోనే వచ్చింది. అప్పటికి అక్కడ మన మొదటి కేంద్రం దక్షిణ గంగోత్రి కట్టనేలేదు. కాబట్టి ఓటు కోసం శీతాకాలం కాపురం అక్కర్లేదు.

తార్నాక మాస్టారు:
పాతకాపుగారూ, బోల్టు తిప్పడానికి ఇద్దరు చాలు. మిగతా ఇరవై మంది ఆ ఇద్దరిని బతికించడానికే ఉన్నట్టుంది.

షాద్‌నగర్ పాతకాపు:
తగ్గిస్తే ఏమవుతుందో మైత్రి పొరుగునే తెలిసింది. 1961లో రష్యన్ల నోవోలాజరేవ్‌స్కాయాలో ఒక్కడే వైద్యుడు, లియోనిద్ రోగొజోవ్. అపెండిక్స్ వాచింది ఆయనకే. తన పొట్ట తనే కోసుకున్నాడు. మన బృందం వెంట ఇద్దరు వైద్యులు ఊరికే వెళ్లరు.

తార్నాక మాస్టారు:
సరే, భారతిలో ఉపగ్రహాల పని ఉంది, అక్కడ ఉంచండి. మైత్రి-2ను వేసవికే పరిమితం చేయండి. శీతాకాలం రెండుచోట్లా ఎందుకు?

ఉప్పల్ ఉపగ్రహం:
మా ఇంటి దగ్గరి ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల భూకంప పరికరాలు మైత్రిలో ఉన్నాయి. జూలైలో ఒకటి ఆగితే నవంబరు దాకా లెక్క పోయినట్టే. భారతి నుంచి ఎవరైనా వెళ్లి చూస్తారా అంటే మధ్యలో దాదాపు 3000 కిలోమీటర్లు.

షాద్‌నగర్ పాతకాపు:
పైగా మైత్రిని మూసి, పక్కనే నోవోలాజరేవ్‌స్కాయాలో ఉండే రష్యన్లను కాస్త చూసిపెట్టమంటామా?

తార్నాక మాస్టారు:
అడిగి చూడమనే అంటున్నాను. నాలుగైదు కిలోమీటర్లే కదా.