సైన్స్ అంటే డాక్టరు, ఇంజినీరేనా? చెల్లెకు ఏ గ్రూపు తీసుకోవాలి?

మిర్యాలగూడ అన్న:
మా చెల్లె టెన్త్ అయిపోయింది. సైన్స్ అంటే ఇష్టమే గానీ ఇంట్లో రెండే మాటలు, ఎంపీసీ అయితే ఇంజినీరు, బైపీసీ అయితే డాక్టరు. నీట్ పేరెత్తితేనే దానికి టెన్షన్. సైన్స్‌లో ఇంకా ఏమేం శాఖలున్నాయి, వాటిలో ఏం చదువుతారు? ‘జీవుల గురించి చదివేది జీవశాస్త్రం’ లాంటివి వద్దు, అది మాకూ తెలుసు.

నీళ్ల ల్యాబ్ అక్క:
తమ్ముడూ, మన నల్లగొండ జిల్లాలో దీనికి బోరు నీళ్లను మించిన పాఠం లేదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిన వాళ్లను చూసే ఉంటావు. ఆ ఫ్లోరైడ్ ఎక్కడిదని అడిగితే అది జియాలజీ. మన కాళ్ల కింద గ్రానైట్, అందులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు, రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలిచిన నీళ్లు కొంచెం కొంచెంగా దాన్ని కరిగించుకుంటాయి. మరి పక్కపక్క బోర్లలోనే తేడా ఎందుకు? అక్కడికి కెమిస్ట్రీ వస్తుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది, అది సులువుగా కరగదు కాబట్టి అడుగున పడిపోతుంది. కాల్షియం తక్కువుండి బైకార్బనేట్ ఎక్కువున్న నీళ్లలో మాత్రం ఫ్లోరైడ్ అట్లనే ఉండిపోతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తాగాక ఏమవుతుందన్నది బయోకెమిస్ట్రీ: ఎముకలో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ చేరుతుంది, పోను పోను ఎముకలను కలిపి పట్టుకునే లిగమెంట్లు కూడా గట్టిపడి మెడ తిప్పలేరు.
నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) వాళ్లు కనిపెట్టిన విరుగుడుకు మన ఊరి పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపితే మెత్తటి తెల్ల మడ్డి పుట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగుతుంది. పైన తేటను వంచుకోవాలి. ఆ మడ్డిని ఎక్కడ పడేయాలన్నది మళ్లీ ఇంకో తలనొప్పి, అది ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ వాళ్లది.

సాగర్ గట్టు:
అక్కా, ఫిజిక్స్‌ను గాలికి వదిలేశారు 😀 ఆ ఎముకలను చూడ్డానికి ఎక్స్‌రే ఎవరిచ్చారు? నాగార్జునసాగర్ డ్యామ్ రాతి కట్టడం, సొంత బరువుతోనే కృష్ణ నీళ్లను ఆపుతుంది. లోతుకు పోయే కొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టే అడుగున అంత వెడల్పు. ఇక లెక్కలు సైన్సేనా అని కొట్లాట ఎప్పుడూ ఉండేదే. లెక్కల్లో ప్రయోగం చేసి రుజువు చేయరు, తర్కంతో చేస్తారు, అందుకని వేరే గాట కడతారు. నా దృష్టిలో ఆ కొట్లాట దండగ.

పాలమూరు పిల్ల:
మా పిల్లలమర్రిని, అదే మహబూబ్‌నగర్ పెద్ద మర్రిచెట్టును, మరిచిపోతే ఎట్ల? చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చెట్టుకు చెదల మందు ఎక్కించారు. చెట్టు సంగతి బాటనీ, చెదల సంగతి ఎంటమాలజీ, అది జువాలజీలో ఒక కొమ్మ. పురుగులంటే భయం లేకపోతే మంచి లైన్, పంటలకు ఈ చదువు ఎంత కావాలో రైతు ఇంట్లో పుట్టిన వాళ్లకు చెప్పక్కర్లేదు.

మిర్యాలగూడ అన్న:
జియాలజీ అనగానే చెల్లె ఫోన్ గుంజుకుని చదువుతోంది. అమ్మ మాత్రం రాళ్లు చదివి ఏం చేస్తది అంటోంది.

నీళ్ల ల్యాబ్ అక్క:
బోరు ఎక్కడ వేయాలో పాయింట్ పెట్టేది వాళ్లే అని చెప్పు, అమ్మ ఒప్పుకుంటుంది. భూగర్భ జలాల శాఖలో, గనుల్లో కూడా జియాలజిస్టులు ఉంటారు. డిగ్రీలో తీసుకోవచ్చు, ఉస్మానియాలో పీజీ కూడా ఉంది. ఏ కాలేజీ ఏ గ్రూపు అడుగుతుందో డిగ్రీ అడ్మిషన్ల దోస్త్ సైట్‌లో చూసుకున్నాకే ఇంటర్‌లో చేర్పించండి. బైపీసీ తీసుకున్నా నీట్ తప్పనిసరి కాదు, అగ్రికల్చర్ బీఎస్సీకి ఎప్‌సెట్ చాలు.