సూత్రాలను ప్రోగ్రామ్‌తో బయటికి తీయాలంటే బొమ్మలా, లేటెక్సా?

కుడిబ్రాకెట్: సింపైతో (గణితం చేసే పైథాన్ లైబ్రరీ) ఇంటిగ్రల్స్ చేయించి, జవాబులన్నీ ఒక స్క్రిప్టుతో పీడీఎఫ్‌లోకి పంపుతున్నాను. మొత్తం 140 లెక్కలు. ఒక్కో జవాబునూ పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేస్తే గొడవ ఉండదని నాతో పనిచేసే ఆవిడ అంటారు. లేటెక్స్ టెక్స్టుగానే, అంటే సూత్రాన్ని అక్షరాల కోడ్‌గా రాసే పద్ధతిలోనే, ఉంచాలని నా పట్టు. మీరేమంటారు?

శూన్యబిందువు: ఆవిడ మాటే నాదీ. బొమ్మ ఎక్కడ తెరిచినా ఒకేలా కనిపిస్తుంది. అవతలివాళ్ళ దగ్గర ఫాంట్ ఉందా, వెబ్ పేజీలో సూత్రాలు చూపించే మ్యాథ్‌జాక్స్ లోడ్ అయిందా అన్న టెన్షన్ ఉండదు. మసకబారుతుందని భయమైతే గీతలతో తయారయ్యే ఎస్‌వీజీ బొమ్మ తీసుకోండి, ఎంత పెద్దది చేసినా గీత చెదరదు.

పాతకెర్నల్: శూన్యబిందువు గారూ, కనిపించడం వరకు మీరన్నది నిజమే. తప్పు దొరికినప్పుడు ఏం చేస్తారు? ఒకసారి నేను 60 జవాబులను పీఎన్‌జీలుగా పంపాను. ఘాతంలోని మైనస్ గుర్తు చిన్న సైజులో దాదాపు మాయమైంది. అలాంటివి ఎన్ని ఉన్నాయో వెతకడానికి బొమ్మల్లో అక్షరాలు లేవు కదా! 60 బొమ్మలూ ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాను. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్ పెట్టుకుంటే, విడిగా వివరణ రాయకపోతే, దానికి అక్కడ చదవడానికి ఏమీ దొరకదు. ఈ ఒక్క కారణం చాలు నాకు.

అలాగని లేటెక్స్ ఒక్కటే దాచుకోమననండి. అందులో ఉండేది రూపం, అర్థం కాదు. 'ఎఫ్' పక్కన బ్రాకెట్లో 'ఎక్స్ ప్లస్ 1' ఉంటే అది ఫంక్షనా, గుణకారమా? మనిషి సందర్భం చూసి పట్టుకుంటాడు, ప్రోగ్రామ్ పట్టుకోలేదు. ప్రోగ్రామ్ మళ్ళీ చదువుకోగల రూపాన్ని, అంటే సింపైలో ఎస్‌రెపర్, మేథమెటికా వాడితే ఇన్‌పుట్‌ఫార్మ్, తీసి ప్రతి జవాబు పక్కనే పెట్టుకోండి. రేపు ఏ ఫార్మాట్ కావాలన్నా అక్కడి నుంచే పుట్టించవచ్చు.

గుణకం: మీరంతా ఎగుమతి దగ్గర వాదించుకుంటున్నారు. రూపం అంతకుముందే మారిపోతోంది! సింపైకి 1 బై రూట్ 2 ఇచ్చి చూడండి, లేటెక్స్ అడిగేలోపే రూట్ 2 బై 2 అయిపోతుంది. పాఠం చెప్పేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు, విద్యార్థి చేసిన మెట్టు, కాగితం మీద ఉన్న మెట్టు వేరువేరుగా కనబడతాయి. ఇచ్చినది ఇచ్చినట్టే ఉండాలంటే రాసేటప్పుడే ఎవాల్యుయేట్ ఫాల్స్ (విలువ కట్టొద్దని చెప్పే ఆప్షన్) పెట్టాలి. కుడిబ్రాకెట్ గారూ, మీ లెక్కల్లో ప్రశ్న కూడా చూపించాలనుకుంటే ఇంటిగ్రల్ క్లాస్‌తో ముడి రూపం కట్టి, దాని లేటెక్స్ తీసుకుని, ఆ తర్వాతే లెక్క చేయించే డూఇట్ పిలవండి. ఇక లాగ్‌కు బదులు ఎల్ఎన్ అచ్చవ్వాలంటే లేటెక్స్ ఫంక్షన్‌లోనే ఒక ఆప్షన్ ఉంది.

శూన్యబిందువు: పాతకెర్నల్ గారి స్క్రీన్ రీడర్ మాట ఒప్పుకుంటున్నాను, అది నాకు తట్టలేదు. అయితే వెబ్ పేజీకి సూత్రాలను ట్యాగులతో రాసే మ్యాథ్‌ఎమ్ఎల్ నయం కాదా? 1998 నాటి ప్రమాణమే అయినా, 2023లో క్రోమ్ 109తో అందులోనూ నేరుగా కనిపిస్తోంది. ఈమెయిల్‌కు మాత్రం బొమ్మే పంపుతాను, అక్కడ లేటెక్స్ కోడ్ చూస్తే చదివేవాళ్ళు బెదిరిపోతారు.

కుడిబ్రాకెట్: ఇంటిగ్రల్, డూఇట్ వరస ఇప్పుడే ఐదు లెక్కల మీద నడిపాను. ప్రశ్న, జవాబు రెండూ సరిగ్గా పడ్డాయి. ఎస్‌రెపర్‌ను ఇంకో ఫైల్లో రాయిస్తున్నాను. మిగతా 135 ఈ రాత్రికి పెడతాను. ఆవిడకు ఎస్‌వీజీలు కూడా అదే స్క్రిప్టులోంచి తీసి ఇస్తాను.