ఓటీపీ గడువు, చోటు మారే బటన్లు: మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు?

మల్కాజిగిరి_లెక్కలసార్
నాకు 71 ఏళ్ళు. వీఎస్ఎన్ఎల్ 1995లో మన దేశంలో ఇంటర్నెట్ మొదలుపెట్టింది. తర్వాత కొన్నేళ్ళకు పిల్లల చదువు కోసం మా ఇంట్లో డయలప్ పెట్టించాం. ఒక పేజీ తెరుచుకునేలోపు చాయ్ పెట్టుకుని వచ్చేవాళ్ళం. కాబట్టి నెట్ నాకు కొత్తేమీ కాదు. ఇబ్బందల్లా ఇప్పటి తొందరతోనే. బ్యాంకు యాప్‌లో డబ్బు పంపుతుంటే ఓటీపీ వస్తుంది. కళ్ళజోడు పెట్టుకుని, మెసేజ్ తెరిచి, ఆ ఆరంకెలు మనసులో అనుకుంటూ వెనక్కి వచ్చేసరికి గడువు అయిపోతుంది. మళ్ళీ మొదటి నుంచి. రెండోసారికి టెన్షన్‌తో వేళ్ళు తడబడతాయి. మీ ఇళ్ళలో ఏం చేస్తున్నారో రాయండి.

సైదాబాద్_కోడలు
సార్, మా అత్తమ్మది ఇంకో రకం కష్టం. ఆమెకు చదవడం అంతగా రాదు, అన్నీ చోటును బట్టే గుర్తు. "పైన కుడి పక్కది నొక్కితే కాల్స్" అని నేర్చుకుంది. 2024లో ఆండ్రాయిడ్ వాట్సాప్‌లో ఆ వరస అంతా కిందికి వచ్చింది. ఫోన్ పాడైందనుకుని రెండు రోజులు పక్కన పెట్టేసింది. దుబాయ్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడకుండా ఎన్నడూ ఉండని మనిషి!

మా వారైతే ఫోన్ తీసుకుని టకటకా నొక్కి, "చూశావా, అయిపోయింది" అని ఇచ్చేస్తారు. అట్లా చేస్తే ఆమెకు ఏమీ రాదు. ఫోన్ ఆమె చేతిలోనే ఉండాలి, నొక్కే వేలు కూడా ఆమెదే కావాలి. నేను పక్కన కూర్చుని నోటితో మాత్రమే చెప్తాను. పాల లెక్క రాసుకునే పుస్తకంలో ఆమె తనే స్క్రీన్ బొమ్మ గీసుకుంది. బటన్ చోటు మారినప్పుడల్లా పాత బొమ్మ కొట్టేసి పక్కన కొత్తది గీస్తుంది. ఇప్పుడు మా వాడకట్టులో ఇద్దరు ముగ్గురికి ఆమే నేర్పిస్తోంది.

అంబర్‌పేట్_టెస్టర్
యాప్‌లు పరీక్షించడమే నా ఉద్యోగం. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరవండి. చాలా ఫోన్లలో "టైమ్ టు టేక్ యాక్షన్" అని ఉంటుంది. కాసేపు కనిపించి మాయమయ్యే మెసేజ్‌లను 2 నిమిషాల వరకు నిలిపే వీలుంది. వేలు వణికేవాళ్ళకు "టచ్ అండ్ హోల్డ్ డిలే" పెంచితే, అనుకోకుండా ఏదో ఒకటి తెరుచుకోవడం తగ్గుతుంది.

అయితే సార్, ఓటీపీ గడువు వీటితో పెరగదు. అది బ్యాంకు చేతిలో ఉంటుంది. వెబ్ పేజీల సౌలభ్యానికి డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణాలున్నాయి. మామూలుగా పేజీకి గడువు పెడితే, అది అయిపోయే ముందు హెచ్చరించి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని, అట్లా కనీసం 10 సార్లు పొడిగించుకోనివ్వాలని వాటిలో ఒక మార్గం చెప్పారు. ఈ మాట మీటింగుల్లో ఎత్తితే "తర్వాత చూద్దాం" అంటారు. నాకు మా నాయనమ్మ గుర్తొచ్చి కోపం వస్తుంది.

రాంనగర్_పెన్షనర్_కూతురు
పెన్షన్ ఆగకుండా, బతికే ఉన్నామని ఏటా నవంబర్‌లో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ గురించి ఒక మాట. నాన్న కేంద్ర ప్రభుత్వ పెన్షనర్. వేళ్ళ గీతలు అరిగిపోయి మిషన్ వేలిముద్ర తీసుకోదు. ఈ సర్టిఫికెట్‌ను డిజిటల్‌గా ఇచ్చే ప్రభుత్వ పద్ధతి జీవన్ ప్రమాణ్‌లో 2021 నుంచి ముఖంతో చేసే పద్ధతి ఉంది. పొద్దున కిటికీ వెలుతురు ముఖాన పడేటట్టు కూర్చోబెడితే పనవుతుంది, ట్యూబ్‌లైట్ కింద చాలాసార్లు విఫలమైంది. 80 దాటినవాళ్ళు అక్టోబర్ 1 నుంచే ఇవ్వవచ్చు, నవంబర్ రద్దీ దాకా ఆగకండి. ఫోన్‌తో కాకపోతే పోస్టాఫీసులో అడగండి, పోస్ట్‌మన్ ఇంటికే వచ్చి చేస్తారు.

పద్మారావునగర్_తమ్ముడు
నాకు ఎక్కువ భయం ఈ తొందర అలవాటు గురించే. అసలు యాప్‌లే రోజూ "ఇంకా 30 సెకన్లు" అని కంగారు పెడుతుంటే, మోసగాడు ఫోన్ చేసి "పది నిమిషాల్లో డబ్బు వేయకపోతే అరెస్ట్" అన్నప్పుడు పెద్దవాళ్ళకు అది వింతగా అనిపించదు. మా పెదనాన్నకు వీడియో కాల్‌లో పోలీస్ డ్రెస్‌లో ఒకడు కనిపించాడు. పెద్దమ్మ వచ్చి ఫోన్ లాక్కుని కట్ చేసింది కాబట్టి సరిపోయింది. ఇట్లా వీడియో కాల్‌లోనే అరెస్ట్ చేశామనే "డిజిటల్ అరెస్ట్" మన చట్టంలో లేనే లేదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబర్ పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాం. బ్యాంకు పని ఏదైనా రాత్రిపూట చేయకూడదని కూడా ఇంట్లో అందరం అనుకున్నాం.

మల్కాజిగిరి_లెక్కలసార్
అందరికీ కృతజ్ఞతలు. అంబర్‌పేట్ బాబు చెప్పిన సెట్టింగ్ నా ఫోన్‌లో దొరికింది, పెట్టుకున్నాను. ఓటీపీ గడువు పెంచమని మా బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తున్నాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ ఓంబుడ్స్‌మన్‌కు పంపవచ్చు, ఆ వివరాలకు 14448 నంబర్ ఉంది. తెలుగులో ఒక నమూనా ఉత్తరం రాసి రేపు ఇక్కడ పెడతాను. ఇదే ఇబ్బంది ఉన్నవాళ్ళు మీ మీ బ్యాంకులకు అదే పంపండి. సైదాబాద్ అమ్మాయీ, వీలైతే మీ అత్తమ్మ గీసిన బొమ్మల్లో ఒకటి ఫోటో తీసి పెట్టు.