ఊరి పదును పెట్టేసరికి మన పదును ఆరిపోయింది

“నేలకు పదును” అన్న ప్రయోగం తప్పనీ, “అదును” అనబోయి అలా రాసి ఉంటారనీ నిన్న మన గుంపులో ఒకరు రాశారు. మరొకరు సర్దిచెబుతూ, కత్తికున్న పదునునే ఎవరో కవి నేలకు తగిలించి ఉంటాడన్నారు. నాకు రెండూ మింగుడుపడలేదు. కళ్యాణదుర్గం వైపు మా ఊళ్లో వానపడిన మర్నాడు ఎవరిని కదిలించినా వచ్చే మొదటి మాట “పదును ఎంత దిగింది?” అనే. వాన తడి నేలలోకి ఎంత లోతు దిగిందని అడగడం అది. బెత్తెడు, జానెడు అని జవాబు. ఇందులో కవిత్వం ఏమీ లేదు.

పైన శీర్షికగా పెట్టిన వాక్యం మా అవ్వది. మా వైపు తాతను అబ్బ అంటాం. మా అబ్బ ఊరి కమ్మరి, అయిదెకరాల ఎర్రనేల రైతు కూడా. 93 ఏళ్లు బతికి పోయినేడు వెళ్లిపోయాడు. తన పుట్టిన తేదీ తెలియదు కానీ, 1953లో కర్నూలు రాజధాని అయి బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి పోయిన ఏడు మా నాయన పుట్టాడని లెక్క చెప్పేవాడు.

ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే జిల్లా మాది. వేరుశనగ వేసే రోజుల్లో ఒక మంచి వాన పడితే, ఎర్రనేలలో ఆ తడి మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. ఆ లోపలే గొర్రు తోలి విత్తనం వేయాలి. అందుకే వాన వెలిసిన సాయంత్రానికే మడక (నాగలి) కర్రులు, గొర్రు కర్రులు, అంటే నేలను చీల్చే ఇనుప మొనలు, సంకన పెట్టుకుని ఊరంతా మా కొలిమి ముందు చేరేది. ఏడాది పొడవునా గుర్తుకు రానివాళ్లు కూడా! అబ్బ కాదనలేడు, కళ్లంలో వాళ్లు పనికి కూలిగా కొలిచే “మేర” గింజలతోనే మా ఇల్లు గడిచేది. రెండు రాత్రులు తిత్తి ఊదించి, కర్రులన్నీ సాగగొట్టి పంపించి, మూడో రోజు తన ఎద్దులు కట్టేసరికి మా చేను పైపొర తెల్లబారి ఉండేది. అవ్వ అప్పుడు అనేది ఆ మాట. వేళాకోళం కాదు, కడుపు మంట.

ఒకే వాక్యంలో ఒకే మాట రెండుసార్లు. మొదటిది ఇనుముది, రెండోది మట్టిది. వింటున్న మాకెవరికీ అవి రెండు వేర్వేరు మాటలని తోచలేదు.

అబ్బ ఉలికి పదును పెట్టడం దగ్గరుండి చూశాను. ఎర్రగా కాలిన మొనను నీళ్లలో ముంచి తీసేవాడు. వెంటనే రాతికి నాలుగు రుద్దులు రుద్ది మెరిపించి, కదలకుండా చూస్తూ కూర్చునేవాడు. వెనక మిగిలిన వేడి మెల్లగా మొన వైపు పాకుతుంటే ఇనుము మీద రంగు మారుతుంది. ఎండుగడ్డి రంగు రాగానే మళ్లీ నీళ్లలోకి. నీలం దాకా ఆగితే మెత్తబడుతుంది, అసలు ఆగకపోతే గాజులా పెళుసుగా ఉండి విరుగుతుంది. చేలో కూడా అదే మనిషి, అదే చూపు. పిడికెడు మట్టి తీసి ఉండ చేసి జారవిడిచేవాడు. ఉండ కట్టకపోతే పదును చాలదు, కిందపడి చదునైపోతే పదును ఎక్కువ. పగిలి పొడిపొడిగా రాలితే గొర్రు కట్టమనేవాడు.

కాబట్టి నా వాదన ఇది: పదును అంటే మొదట వాడి కాదు, తడి కూడా కాదు. తక్కువా ఎక్కువా కాకుండా పనికి సరిపడ్డ స్థితి. మా పక్కనే ఉన్న కన్నడంలో “హద” అంటారు (మన పాలు వాళ్ల హాలు అయినట్టే). వాళ్లకు నేలకూ హద ఉంది, తోలును పదును చేయడమూ “హద మాడు”డే. తమిళంలో కుండెడు అన్నానికి ఒక మెతుకు “పదం” అన్న సామెత ఉంది, అక్కడ ఉడుకు సరిపోయిందో లేదో చూడడం. కత్తి అంచు ఈ వరసలో ఒకటి మాత్రమే. పట్నంలో మనకు మిగిలింది అదొక్కటే కనుక అదే అసలు అర్థమనుకుంటున్నాం.

వ్యాఖ్య: మాది కోనసీమ అండీ. మేము “అదునూ పదునూ” అని జంటగా వాడతాం, పదును అనేది ఊతానికి చేర్చిన మాటేమో అనుకునేవాణ్ణి.

జవాబు: ఊతపదం కాదండీ. అదును కాలానిది, పదును నేలది. మృగశిర వచ్చిందంటే అదును వచ్చినట్టే, వాన పడకపోతే పదును రాదు. మా జిల్లాలో చాలా ఏళ్లు మొదటిది ఒక్కటే వస్తుంది.

వ్యాఖ్య: పెద్దాయనకు నమస్కారం. ఆ కొలిమి ఇంకా ఉందా?

జవాబు: లేదండీ. ట్రాక్టరు గొర్రు వచ్చాక కర్రులు తెచ్చేవాళ్లు తగ్గిపోయారు, తిత్తి తోలు ఎలుకలు కొట్టేశాయి. ఆ తరువాత పదేళ్లపాటు మా చేను మాత్రం వాన పడ్డ మర్నాడే విత్తనం పడింది. అవ్వ అప్పటికి లేదు.