ఎంత కాచుకున్నా అదే దెబ్బ తగులుతోంది, ఏం చేయాలి?

బీచ్‌రోడ్ కుర్రాడు: అన్నలూ, మూడు గంటల నుంచి వీడియోలు చూస్తూనే ఉన్నా, బుర్ర వేడెక్కింది తప్ప పని కాలేదు. ఎనిమిది నెలలుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నా. బ్యాగ్ మీద, ప్యాడ్ల మీద నా జాబ్, అదే ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బ, బాగుందనే అంటారు. జిమ్‌కి కొత్తగా వచ్చిన ఒకతనితో స్పారింగ్‌కి, అంటే సాధన కోసం ఎదురెదురుగా తలపడటానికి, దిగితే మాత్రం అంతా గాలికి పోతోంది. జాబ్ అతని చేతికే తగిలి ఆగిపోతోంది. కోచ్ నేర్పినట్టే కుడివైపు జరుగుతున్నా, అయినా సూటిగా దవడ మీద పడుతోంది. పైగా ఒకరి కాళ్లు ఒకరం తొక్కుకుంటున్నాం. నా తప్పెక్కడ?

చిన్నమాట: గార్డు, అదే ముఖానికి అడ్డుపెట్టే చేతులు, దించకు.

బీచ్‌రోడ్ కుర్రాడు: దించట్లేదు అన్నా, అదే కదా నా బాధ.

పదహారు ఔన్సులు: ముందు గ్లవ్స్ ఎన్ని ఔన్సులో చెప్పు. పోటీల్లో వాడే 10 ఔన్సులవి వేసుకుని స్పారింగ్ చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. స్పారింగ్‌కి 16 వేసుకోవాలి. హెడ్‌గార్డు ఉంది కదా అనకండి. అది చర్మం చిట్లకుండా కాస్తుంది, లోపల మెదడు కదలకుండా ఆపలేదు. మగవాళ్ల పెద్ద పోటీల్లో 2013లో దాన్ని తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్‌లో హెడ్‌గార్డు లేకుండానే ఆడారు.

ఇందూరు అక్క: ఆడవాళ్లకు తీయలేదు. 2022లో ఇస్తాంబుల్ ప్రపంచ పోటీల్లో మా నిఖత్ జరీన్ స్వర్ణం గెలిచినప్పుడూ తలకు హెడ్‌గార్డు ఉంది. అది సరే, తమ్ముడూ, అతని ఏ కాలు ముందుంటుంది?

బీచ్‌రోడ్ కుర్రాడు: కుడి కాలు. అతనిది ఎడమచేతి వాటం. చెప్పలేదా?

చిన్నమాట: లేదు.

ఇందూరు అక్క: కథంతా అక్కడే ఉంది! అతని బలమైన చేయి ఎడమ, అంటే నీకు కుడివైపున ఉంటుంది. నువ్వు కుడికి జరుగుతూ ఆ దెబ్బకే ఎదురెళ్తున్నావు. కోచ్ చెప్పింది మనలా ఎడమ కాలు ముందు పెట్టేవాళ్లతో ఆడేటప్పుడు. ఇతనితో ఎడమవైపు తిరుగు. నీ ఎడమ పాదం అతని కుడి పాదానికి బయటి పక్కన పడాలి, అప్పుడు తొక్కుకోవడం కూడా తగ్గుతుంది. జాబ్ ఒక్కదాన్నే నమ్ముకోకు. మీ ముందు చేతులు రెండూ ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి అది అడ్డు తగులుతుంది. నీ ఎడమ చేత్తో అతని ముందు చేతిని పక్కకు తట్టి, కుడి చేయి సూటిగా వెయ్. వేసిన చోటే నిలబడకు.

తెలుగు ముష్టి: ఇలా కుడి కాలు ముందు పెట్టి నిలబడటాన్ని ‘సౌత్‌పా’ అంటారు. చాలామంది అనుకున్నట్టు దానర్థం ఎడమచేతి వాటం కాదండీ, ఆ మాట నిలబడే తీరుకు. బాక్సర్ ఆస్కార్ డి లా హోయా పుట్టుకతో ఎడమచేతి వాటమే, ఎడమ కాలే ముందు పెట్టి ఆడాడు. ఇంకో బాక్సర్ లోమచెంకోది కుడిచేతి వాటం, నిలబడేదేమో సౌత్‌పా. అందుకే దీన్ని తెలుగులో ‘కుడిముందు నిలుపు’ అందామని ఎప్పటి నుంచో అంటున్నా.

పదహారు ఔన్సులు: రౌండ్ మధ్యలో కోచ్ ‘కుడిముందు నిలుపు’ అని అరిచేలోపు పిల్లాడు కింద పడతాడు.

తెలుగు ముష్టి: సౌత్‌పా అని అరిస్తే పడడా?

బీచ్‌రోడ్ కుర్రాడు: అక్కా, అర్థమైంది. రేపే ప్రయత్నిస్తా. మొన్నటి నుంచి తల కాస్త దిమ్ముగా ఉంది, తగ్గిపోతుందిలే.

చిన్నమాట: స్పారింగ్ ఆపు. డాక్టర్‌కి చూపించు.

ఇందూరు అక్క: అన్న చెప్పింది విను. ఇది చివర్లో చెప్పే మాటా? డాక్టర్ సరే అనేదాకా ఎదుట ఎవరూ లేకుండా నీడతో ఆడుకో, కాళ్లు సరిచేసుకో.

బీచ్‌రోడ్ కుర్రాడు: (నెల తర్వాత) డాక్టర్ ఒప్పుకున్నాకే దిగా. ఎడమకి తిరుగుతున్నా, కుడి చేయి రెండుసార్లు బాగా తగిలింది. థాంక్స్ అక్కా. కాకపోతే ఇప్పుడు అతను కుడి హుక్, అదే మోచేయి వంచి పక్క నుంచి వేసే దెబ్బ, మొదలుపెట్టాడు.

పదహారు ఔన్సులు: గ్లవ్స్ ఎన్ని ఔన్సులో ఇంకా చెప్పలేదు.