తెల్లబట్ట, దురద: "వేడి చేసింది" అనుకుని ఎన్నాళ్లు ఆగారు?

గోరింటాకు:
ఇంట్లో చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. పంటి నొప్పికి అయిదు రోజులు యాంటీబయాటిక్ వాడాను. వారం తిరక్కుండానే కింద ఒకటే దురద, మూత్రానికి వెళ్తే మంట. తెల్లబట్ట విరిగిన పాలలా ముద్దలు ముద్దలుగా అవుతోంది, వాసనేమీ లేదు. అత్తయ్య "వేడి చేసిందమ్మా, సబ్జా నీళ్లు తాగు" అన్నారు. తాగాను. మెడికల్ షాపులో అడిగి ఏదో క్రీమ్ తెచ్చి రాశాను. రెండు రోజులు తగ్గి మళ్లీ రెట్టింపైంది. డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. ఎలా చూస్తారు?

కృష్ణాతీరం:
నాకూ అచ్చం ఇలాగే, ఫంగస్ ఇన్ఫెక్షన్. ఏడాదిలో నాలుగోసారి వచ్చినప్పుడు డాక్టరమ్మ ముందు షుగర్ పరీక్ష చేయించారు. పరగడుపున 190! నాకు షుగర్ ఉందని అలా బయటపడింది. అది అదుపులోకి వచ్చాక ఫంగస్ మళ్లీ రాలేదు. ఆ క్రీమ్ ఆపేయండి. అలాంటి వాటిలో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. దురద అణిగినట్టే ఉంటుంది కానీ ఫంగస్ పోదు.

నైట్‌డ్యూటీ:
స్టాఫ్ నర్సుని. నెల మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగే తెల్లబట్ట మామూలే, భయం వద్దు. గోరింటాకు గారు చెప్పింది ఫంగస్‌లా ఉంది. బూడిద రంగులో పల్చగా, చేపల వాసనతో అయితే అది బ్యాక్టీరియా వల్ల. దానికి ఫంగస్ మందు పనిచేయదు. పసుపు, ఆకుపచ్చ కలిసిన నురగలా ఉంటే ట్రైకోమోనాస్ అనే, కలయికతో అంటుకునే సూక్ష్మజీవి కావచ్చు. అదైతే భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది. అందుకే చూపించుకోకుండా మందు కొనొద్దంటాను.

లోపల సబ్బుతో, యాంటీసెప్టిక్ నీళ్లతో కడగకండి. అక్కడి మంచి బ్యాక్టీరియా ఆమ్లతను కాపాడుతుంది, మామూలుగా పీహెచ్ 3.8 నుంచి 4.5. కడిగితే అదే పోతుంది. జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉన్నా, గర్భిణి అయినా ఆ రోజే వెళ్లండి.

పరీక్ష అంటారా, కర్టెన్ వేస్తారు, స్పెక్యులమ్ (లోపల కనబడేలా తెరిచి ఉంచే పరికరం) పెట్టి దూదిపుల్లతో కొంచెం తీస్తారు. కొన్ని నిమిషాల పని. లేడీ డాక్టర్ కావాలని ఓపీ చీటీ రాయించేటప్పుడే అడగండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి ఇన్ఫెక్షన్లు చూసే సురక్ష క్లినిక్ ఉంటుంది, మందులు ఉచితం.

మామిడితోట:
అమ్మకు 58, ముట్లు ఆగి ఆరేళ్లు. ఓ పొద్దున కొళాయి దగ్గర లంగా తనే ఉతుక్కుంటోంది. గోరంత ఎర్ర మరక. "ఎండకి వేడి చేసిందిలే" అంది. మూడు నెలల నుంచట! పోట్లాడి తీసుకెళ్లాను. స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర మందంగా ఉందని ముక్క పరీక్షకు పంపారు. క్యాన్సరే, కానీ తొలి దశ. ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగుంది. ముట్లు ఆగాక ఒక్క చుక్క కనబడినా ఆగకండమ్మా.

గోరింటాకు:
వెళ్లొచ్చాను. ఫంగసే. లోపల పెట్టుకునే మాత్రలు రాశారు, మూడు రోజులకే హాయిగా ఉంది. షుగర్ పరీక్ష రేపు పరగడుపున. మామిడితోట గారి మాట చదివి వినిపిస్తే అత్తయ్య కాసేపు పలకలేదు. తర్వాత మెల్లగా "నాకూ మంటేనే, రెండేళ్లుగా" అన్నారు. మంగళవారం ఆవిడకీ చీటీ రాయిస్తున్నాను.