సైక్లోన్ టేలర్ డబ్బుకు అమ్ముడుపోయాడా?

గోదారిగట్టు:
తొలితరం ప్రొఫెషనల్ ఐస్ హాకీ అనగానే కెనడా ఆటగాడు ఫ్రెడ్ ‘సైక్లోన్’ టేలర్‌ని ఆకాశానికెత్తేస్తారు, నాకు మాత్రం మింగుడు పడదు. 1909లో కెనడా రాజధాని ఆటవా జట్టుతో అక్కడి హాకీలో పెద్ద ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలిచాడు, తర్వాతి సీజన్‌కే రెన్‌ఫ్రూ అనే చిన్న ఊరి జట్టుకు వెళ్ళిపోయాడు. 12 మ్యాచ్‌లకు 5,250 డాలర్లట! పోనీ అక్కడ కప్ తెచ్చాడా అంటే అదీ లేదు.

చలిమంట:
సొంతూరిని వదిలేసినట్టు మాట్లాడుతున్నావేంటన్నా, అతను పెరిగింది ఆటవాలో కాదు, ఒంటారియో రాష్ట్రంలోని లిస్టవెల్‌లో. కుర్రాడిగా ఉన్నప్పుడు టొరంటో జట్టుకు ఆడనన్నాడని ఒంటారియో హాకీ సంఘం వాళ్ళు అసలు ఆడకుండానే చేశారు. అందుకే అమెరికాలోని మిషిగన్‌లో రాగి గనుల ఊరు హౌటన్‌కి వెళ్ళి డబ్బుకు ఆడాడు. ఆటవాకైనా ఊరికే రాలేదు, కెనడా ప్రభుత్వ ఇమ్మిగ్రేషన్ శాఖలో ఉద్యోగం ఇప్పిస్తేనే వచ్చాడు. అప్పుడు తప్పు కానిది రెన్‌ఫ్రూ దగ్గరే తప్పయిందా?

గోదారిగట్టు:
ఉద్యోగం వేరు, వేలంపాట వేరు.

పక్కబెంచి:
వేలం పెట్టింది ఆటగాడా, ఓనర్లా? రెన్‌ఫ్రూ వెనకున్న ఆంబ్రోస్ ఓబ్రయన్ కుటుంబానికి గనులున్నాయి, కప్ కావాలి, డబ్బు కుమ్మరించారు. ఏడాది తిరక్కుండానే ఓనర్లందరూ కలిసి జట్టు మొత్తానికి కలిపి 5,000 డాలర్లే అని పరిమితి పెట్టారు. అంటే టేలర్ ఒక్కడి జీతం కన్నా తక్కువ! ఇంకోటి, అప్పట్లో ముందుకు పాస్ ఇవ్వకూడదు, పక్‌ని, అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళని, కర్రతో తోసుకుంటూ మనుషుల మధ్యలోంచి నువ్వే దూసుకెళ్ళాలి. అలాంటి ఆటలో జనం టికెట్ కొనేది వేగం చూడ్డానికే, ఆ వేగం ఇతని కాళ్ళలో ఉంది. మన ఐపీఎల్‌లో కోట్లు పలికితే చప్పట్లు కొడతాం కదా.

చలిమంట:
రెన్‌ఫ్రూ జట్టు మూతపడ్డాక అతన్ని ఆడించుకునే హక్కులు మాంట్రియల్ వాండరర్స్ అనే జట్టుకి ఇచ్చేస్తే, వెళ్ళనని దాదాపు సీజనంతా ఖాళీగా కూర్చున్నాడు. డబ్బు పిచ్చోడు చేసే పనేనా? తర్వాత వాంకూవర్ జట్టుకి వెళ్ళి 1915లో ఆటవానే ఓడించి కప్ కొట్టాడు, 1917-18లో 18 మ్యాచ్‌లకు 32 గోల్స్.

పక్కబెంచి:
నాకు గుచ్చుకునేది వేరేది. వాంకూవర్‌లోనూ ఇమ్మిగ్రేషన్ ఉద్యోగం మానలేదు. 1914లో 376 మంది మనవాళ్ళతో కొమగాట మారు ఓడ వస్తే, ఎక్కువమంది పంజాబీ సిక్కులే, రెండు నెలలు తీరంలోనే ఆపి దాదాపు అందర్నీ వెనక్కి పంపారు. ఆ ఓడ దగ్గరికి వెళ్ళిన అధికారుల్లో ఇతనూ ఉన్నాడు. ఈ హీరో గురించి అడగాల్సిన ప్రశ్న 5,250 డాలర్లు కాదేమో.

గోదారిగట్టు:
ఆ సంగతి నాకు తెలీదు. సరే, జీతం విషయంలో తగ్గుతున్నా. ఓడ గురించి వేరే థ్రెడ్ పెట్టు, వస్తాను.